ఇసుక పలక నుండి తెర పలక వరకు : పల్నాటి బడిలో బోధనోపకరణాలు

తెలుగులో 'దిద్దు' అనే క్రియకు రెండర్థాలున్నాయి. గురువు వ్రాసి ఇచ్చిన అక్షరం మీదనే మరల మరల వ్రాయడం ఒకటి. తప్పును సరిచేయడం మరొకటి. ఓనమాలు దిద్దే పిల్లవాడు ఈ రెండు పనులనూ ఒకేసారి చేస్తాడు. నేలమీద ఇసుక పరచి, గుంటలు పడేట్లు వేలితో వ్రాయించిన 'గుంట ఓనమాలు' వీధిబడిలో తొలి బోధనోపకరణం. తప్పు వస్తే అరచేతితో చెరిపివేయవచ్చు. ఖర్చు లేదు, తప్పు చేసిన జాడ కూడ మిగలదు. ప్రభుత్వ పాఠశాలల గోడలకు స్పర్శ తెరలు అమర్చిన ఈ కాలంలో, మాచర్ల ప్రాంతపు తరగతి గదిని గూర్చి ఆలోచించేవారు ఈ ఇసుక నుండి ప్రారంభించడం సముచితం.

ఈ పద్ధతి విలువను గుర్తించి విదేశానికి తీసుకొనిపోయినవాడు ఆండ్రూ బెల్. 1789లో మదరాసు ఎగ్మూరు అనాథ బాలుర శాలకు అధ్యక్షుడైన ఆయన, ఆ పరిసరాలలోని ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రాస్తూ ఉండగా చూచి తన శాలలోనూ దానిని ప్రవేశపెట్టదలచాడు. అక్కడి ఉపాధ్యాయుడు అందుకు సుముఖుడు కాలేదు. బెల్ ఆ తరగతిని ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే బాలునికి అప్పగించాడు. పెద్దవాడు సాధ్యం కాదన్న పని పిల్లవాడు చేసి చూపాడు. 1797లో బెల్ ప్రకటించిన గ్రంథం వలన 'మదరాసు పద్ధతి' ఇంగ్లండులో వ్యాపించింది. కొత్త పద్ధతికి తొలి ఆటంకం ఉపకరణాల లేమి కాదనీ, ఉపాధ్యాయుని విముఖత అనీ తెలిపే ఉదంతమిది. నేటి శిక్షణ తరగతులలోనూ ఇది వినిపించదగినదే.

మదరాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు సేకరింపజేశాడు. 1826 నాటి ఆయన నివేదికలో రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. పల్నాడు చేరి ఉన్న గుంటూరు జిల్లా లెక్క 574 బడులు. అయితే బడి లోపల ఏమి జరిగేదో తెలిసికోవడానికి ఈ అంకెలు చాలవు. అందుకు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసిన లేఖయే శరణ్యం. ఉదయం మొదట బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న: పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన అదే వరుస. ముందు చదివినవారు వెనుకవారికి నేర్పేవారు. గురువు అందరినీ కనిపెట్టి ఉండేవాడు. ఇసుకలో చేయి కుదిరినవాడు తాటాకు, గంటములకో, పలక, కడితములకో అర్హుడయ్యేవాడు.

కడితమనే మాట నేడు నిఘంటువుకే పరిమితమైంది. గుడ్డకు గంజి పట్టించి, పుస్తకం వలె మడతలు పెట్టి, బొగ్గుపొడి, జిగురు కలిపి పూస్తే కడితం. దానిమీద బలపంతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచి, మరల వ్రాయవచ్చు. వర్తకుల లెక్కలకూ ఇదే ఆధారం. తరువాత వచ్చిన రాతిపలకకు పల్నాడు దూరంగా పోనక్కరలేకపోయింది. నల్లమల కావలి మార్కాపురం గనులు దానికి ప్రసిద్ధి. ఇసుక, కడితం, రాతిపలక - ఈ మూడింటికీ సామాన్యధర్మం ఒకటి కలదు. ప్రతి పిల్లవాని చేతిలోనూ ఒకటి ఉంటుంది, వ్రాసేది పిల్లవాడే, చెరిపేదీ వాడే.

పాతదంతా మేలనుకోవడం పొరపాటు. కాంబెల్ మెచ్చిన చోటనే ఒక గట్టి ఆక్షేపణ కూడ చేశాడు. బడిలో చదివే పద్యగ్రంథాల భాష మాట్లాడే భాషకు దూరమైనదనీ, పిల్లలు అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారనీ ఆయన ఫిర్యాదు. ప్రాచ్య కళాశాలల వారికి ఇది రుచించకపోవచ్చు. కాని కాదనడం కష్టం. ఉపకరణం ఎంత చక్కనిదైనా, అర్థం తెలియని పాఠాన్ని అర్థవంతం చేయలేదు.

స్వాతంత్ర్యానంతర ప్రయత్నాలలో 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం నడచిన ఉపగ్రహ దూరదర్శన ప్రయోగాన్ని మొదట పేర్కొనాలి. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు పాఠాలు చేరాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అయితే అందులో పిల్లవాడు ప్రేక్షకుడు. 1984 ప్రాంతాన బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అనగా ఉపాధ్యాయులు నేటికీ 'ఎపెప్' అని పిలిచేది, ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. కృత్యాల ద్వారా నేర్వడం, వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పనిచేయడం, వైయక్తిక భేదాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించడం దాని సూత్రాలలో ముఖ్యమైనవి. ఈ దృష్టితో చూస్తే మాచర్ల బడికి ఉపకరణాల కరవు లేదు. ఊరి చంద్రవంక వాగు, ఎత్తిపోతల జలపాతం, కాలి క్రింది నాపరాయి, నాగార్జునకొండ కట్టడాలను తరలించి పునర్నిర్మించిన అనుపు - ఇవన్నీ భూగోళ, చరిత్ర పాఠాలే. అనుపులోని రంగస్థలపు మెట్ల మీద పిల్లలను కూర్చుండబెట్టి పద్యం చదివించిన ఉపాధ్యాయునికి ధ్వనిని గూర్చి వేరే ప్రయోగశాల అక్కరలేదు.

2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంపిణీ చేసింది. అవి బైజూస్ సంస్థ పాఠ్యాంశాలతో నిండినవి. 2024 జులైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. కడితం కుట్టిన వర్తకుడు ఏమైనా కడితం పని మానలేదు. పరుల పాఠంతో నిండిన పలకకు ఆ స్వేచ్ఛ లేదు. గోడ తెర విషయం కొంత మేలు. దానిమీద వ్రాయవచ్చు, చెరపవచ్చు. కాని నలభై మంది ఉన్న గదిలో ఒక సమయంలో దిద్దేది ఒకడే, తక్కినవారు చూస్తారు.

ట్యాబును మరల పలకగా మార్చే ఉపాయం దానిలోనే ఉన్నది. దానికి చెవి ఉన్నది, కన్ను ఉన్నది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో జరిగే వీరుల తిరునాళ్ళలో పల్నాటి వీరగాథలను పాడేవారు నేటికీ ఉన్నారు. ఇద్దరు పిల్లలకు ఒక ట్యాబు చొప్పున ఇచ్చి, వారి అనుమతితో పాటను రికార్డు చేయించవచ్చు. పై తరగతివారు దానిని విని అక్షరబద్ధం చేస్తారు. క్రింది తరగతివారు తెలియని మాటల పట్టిక వ్రాసుకొని ఇంటిలోని పెద్దలను అర్థమడుగుతారు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన 'పల్నాటి వీరచరిత్ర' ప్రతిని ప్రక్కన పెట్టుకొంటే పాఠాంతరాలు వాటంతట అవే కనబడతాయి. అప్పుడు ఉపాధ్యాయుడు చేయవలసినది ఏ పాఠం ఎందుకు సరియైనదో పిల్లలచేత వాదింపజేసి, వారి వ్రాతను వారిచేతనే దిద్దించడం.