కిటికీ అవతల చెట్లుంటే...

ఎండ వెలుతురు, గాలి, నీరు, పచ్చదనం కట్టడంలో భాగమయ్యేలా చేసే నిర్మాణ పద్ధతే బయోఫిలిక్ డిజైన్. రిసెప్షన్‌లో రెండు ప్లాస్టిక్ మొక్కలు పెట్టి చేతులు దులుపుకోవడం దీని కిందకు రాదు. ప్రాణికోటిపై మనిషికి పుట్టుకతోనే మమకారం ఉంటుందన్న ఆలోచనను అమెరికా జీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1984లో ‘బయోఫీలియా’ పుస్తకంలో వివరించారు.

అదే ఏడాది పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ అధ్యయనం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఓ ఆసుపత్రిలో 1972-81 మధ్య పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులను ఆయన తిరగేశారు. సగం మందికి గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవారు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉంటే, గోడ కనిపించినవారు 8.70 రోజులు ఉన్నారు. మొదటి వర్గానికి ఘాటైన నొప్పి మందుల అవసరం తగ్గింది. నర్సుల నోట్సులోనూ వాళ్ల గురించి ఫిర్యాదులు తక్కువే. 46 మంది లెక్క చిన్నదే, కానీ ఈ అధ్యయనం ఆసుపత్రులు కట్టేవారిని ఆలోచింపజేసింది.

బయోఫిలిక్ డిజైన్‌కు ఓ ఉదాహరణ సింగపూర్‌లో 2010లో ప్రారంభమైన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రి. దాని మధ్య ఆవరణలో తోట ఉంది. ఆ ఆవరణ పక్కనున్న యీషున్ చెరువు వైపు తెరుచుకుంటుంది. డాబా మీద వాలంటీర్లు కూరగాయలు పండిస్తారు.