మెడ నుంచి నడుముకు దిగిన బరువు

పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఒక బరువైన చక్రం ఉంది. మధ్యలో తల పట్టేంత ఖాళీ. బరువు 95 కిలోలు. దాని పేరు హస్లీ. గామా పహిల్వాన్ దాన్ని మెడలో వేసుకుని బస్కీలు తీసేవాడు. కాశీ అఖాడాల్లో ఇదే పనికి గర్‌నాల్ అనే రాతి వలయం ఉండేది. తన ఒంటి బరువుతో తీసే దండేలు, బస్కీలు తేలికైపోయాక మల్లుడు ఏం చెయ్యాలి? వందలూ వేలూ తీస్తూ పోవచ్చు. లేదా తన బరువునే పెంచుకోవచ్చు. రెండో దారిని మన దేశం ఏనాడో కనిపెట్టింది. ఆ బరువును మోసింది మాత్రం మెడ.

తెలుగు తాలింఖానాల్లో సంగిడీలు ఉండేవి. అవి చేత్తో ఎత్తే రాళ్లు. చేయి పట్టు ఎంతవరకో బరువూ అంతవరకే. మనిషి రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని గాలిలో ఉన్నప్పుడు ఆ రాయిని పట్టుకోవడానికి మూడో చేయి లేదు.

రాజమహేంద్రవరంలో ఇప్పుడు తెల్లవారకముందే మైదానాలకు చేరే కుర్రాళ్లలో పుల్‌అప్స్, డిప్స్ (జంట కడ్డీల మీద చేతులతో ఒంటిని దించి ఎత్తడం) మీద మోజు బాగా పెరిగింది. జిమ్ ఫీజు లేదు, యంత్రాలు లేవు, రెండు కడ్డీలుంటే చాలు. కొన్నాళ్లకు ఆ కడ్డీల మీద పది పన్నెండు డిప్స్ సునాయాసంగా వచ్చేస్తాయి. అప్పుడు పుస్తకాల సంచిలో ఇటుకలు పెట్టి వీపున తగిలించుకుంటారు. సంచి వెనక్కి లాగుతుంది, భుజాల పట్టీలు కోస్తాయి, మనిషి ముందుకు ఒరిగితే ఇటుకలు మెడ మీదికి జారతాయి. అక్కడ మొదలవుతుంది బరువును నడుముకు కట్టే డిప్ బెల్ట్ వెతుకులాట. వెడల్పాటి పట్టీ, రెండు రింగులు, ఓ గొలుసు, ఓ కొక్కెం. చూడ్డానికి ఇంతే. కానీ ఇది పుట్టాలంటే ముందుగా కొన్ని వస్తువులు వేరు వేరు దేశాల్లో, వేరు వేరు అవసరాల కోసం పుట్టవలసి వచ్చింది.

మొదటిది జంట కడ్డీలు, అంటే పేరలల్ బార్స్. 1811లో ఫ్రెడ్రిక్ లుడ్విగ్ యాన్ బెర్లిన్ శివార్లలోని హాసెన్‌హైడ్‌లో ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. చెక్క గుర్రం మీద విన్యాసాలకు చేతుల బలం చాలని కుర్రాళ్ల కోసం ఈ కడ్డీలు పెట్టించాడంటారు. సాధనంగా వచ్చిన వస్తువే ఆ తర్వాత స్వయంగా ఒక క్రీడ అయింది. దాని మీద జరిగిన తగాదా కూడా చిన్నది కాదు. 1860 ప్రాంతంలో బెర్లిన్ కేంద్ర వ్యాయామ సంస్థ అధిపతి రోట్‌స్టైన్ ఈ కడ్డీలు ఒంటికి హాని చేస్తాయంటూ తీసేయించాడు. ఆయన స్వీడన్ పద్ధతి అభిమాని. దాన్ని ఎదిరించినవాళ్లలో శరీరధర్మ శాస్త్రంలో మహామహుడైన ఎమిల్ డుబ్వా రేమాన్ ఉన్నాడు. నరాల్లో విద్యుత్తు ఎలా నడుస్తుందో కొలిచిన శాస్త్రవేత్త, భుజం కండరాల తరఫున వాదనకు దిగాడు. చివరికి ప్రష్యా ప్రభుత్వం వైద్య నిపుణులను అడిగింది. బార్లలో తప్పులేదని వాళ్లు తేల్చారు. ఈ కథ నాకు చాలా ఇష్టం. ఇవాళ కూడా డిప్స్ వల్ల భుజాలు పోతాయని ఒకరు, పోవని ఒకరు వాదిస్తుంటారు. కడ్డీ ఎవరికీ హాని చెయ్యదు. ఎంత లోతుకు దిగాం, ఎంత వేగంగా దిగాం, ఎంత బరువుతో దిగాం అన్నవే భుజం సంగతి తేలుస్తాయి.

రెండోది మధ్యలో రంధ్రమున్న ఇనుప బిళ్ల. 1902లో ఫిలడెల్ఫియాలో అలన్ కాల్వర్ట్ మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి అమ్మిన తొలి బార్లకు రెండు చివరలా బోలు గుండ్లు ఉండేవి. బరువు పెంచాలంటే వాటిలో సీసపు రవ్వలు నింపాలి. బిళ్లలు వచ్చి ఈ తంటా తీర్చాయి. ఇక్కడ మనకు పనికొచ్చే విశేషం వేరే ఉంది. గుండుకు గొలుసు కట్టడం కష్టం. రంధ్రమున్న బిళ్లలో గొలుసు దూర్చడానికి క్షణం పట్టదు. బార్‌బెల్ కోసం చేసిన ఆ రంధ్రం లేకపోతే డిప్ బెల్టే లేదు. మన నేల మీద ఆ బిళ్లల యుగానికి గుర్తు దండమూడి రాజగోపాలరావు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన కృష్ణా జిల్లా మనిషి, ‘నర్తనశాల’ భీముడు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

మూడోది ఒక ఆలోచన. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలార్మ్ మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు వైద్యం చేసేవాడు. అప్పటిదాకా ఉన్న పద్ధతి తేలిక బరువుతో ఎక్కువసార్లు ఊపడం. ఆయన దాన్ని తిరగేశాడు. కాలికి ఇనుప బూటు తొడిగి, దానికి బరువులు తగిలించి, తక్కువసార్లు ఎత్తించి, బలం పెరిగిన కొద్దీ బరువు పెంచుతూ పోయాడు. 1945లో ఈ పద్ధతిని వైద్య పత్రికలో ప్రకటించాడు. చేతితో పట్టుకోలేని చోట బరువును శరీరానికే కట్టెయ్యాలి, దాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. ఇనుప బూటు చేసింది అదే, డిప్ బెల్ట్ చేసేదీ అదే. ఆ తరంలోనే న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు చెందిన మార్విన్ ఈడర్ 434 పౌండ్ల, అంటే దాదాపు 197 కిలోల అదనపు బరువుతో డిప్ తీశాడని బలవిద్య చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఇక కొక్కెం. అగ్నిమాపక దళం వాడే కొక్కేలను చూసి 1910 ప్రాంతంలో మ్యూనిక్ పర్వతారోహకుడు ఓటో హెర్ట్‌సోగ్ కొండలెక్కడానికి వాడుకున్నాడు. కారబైనర్ అలా కొండల మీదికి వెళ్లి, తిరిగి జిమ్‌లోకి దిగింది. నైలాన్ 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టి, యుద్ధంలో పారాచూట్లకు పట్టీ అయి, ఆ తర్వాత మన నడుముకు చేరింది.

బరువును నడుముకు కట్టుకుని పైకి ఎగబాకే మనిషి మాత్రం జర్మనీలోనూ అమెరికాలోనూ పుట్టలేదు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడండి. చుట్టూ మోకు, నడుముకు కత్తులు, కుండ. చేతులు చెట్టుకు, కాళ్లు చెట్టుకు, బరువంతా తుంటికి. దిగేటప్పుడు కుండ నిండి ఉంటుంది. వ్యాయామం పేరు ఎరగని ఆ మనుషులు బరువుకు సరైన చోటేదో ఎన్నో తరాల కిందటే నిర్ణయించేశారు. వాళ్ల ప్రాణాలకు పూచీ ఇచ్చే పట్టీలు ఇన్నేళ్లూ రాకపోవడం మన సిగ్గు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులు కొలిచే కాటమయ్య పేరిట వాళ్లకు భద్రతా కవచాలు ఇవ్వడం మొదలుపెట్టింది. గోదావరి జిల్లాల్లో చెట్టెక్కే ప్రతి మనిషికీ అలాంటిది అందాలి.

బరువు నడుము దగ్గరే ఎందుకుండాలి? డిప్ తీసేటప్పుడు మనిషి భుజాల నుంచి వేలాడుతుంటాడు. నేల తగలదు. బరువును మెడకో వీపుకో తగిలిస్తే అది పైనుంచి మొండేన్ని నొక్కుతుంది, ఊపిరితిత్తులకు అడ్డం పడుతుంది, ముందుకో వెనక్కో ఒరగదోస్తుంది. తుంటికి తగిలిస్తే అది కిందికి లాగుతుంది. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి అణగవు, సాగుతాయి. పైగా బరువు శరీర గురుత్వ కేంద్రానికి కింద ఉంటుంది గనక మనిషి నిటారుగా నిలబడతాడు. 70 కిలోల కుర్రాడు 20 కిలోలు కట్టుకుంటే ఒక్కో చేతి మీద 45 కిలోలు పడతాయి. ఇది నెమ్మదిగా దిగినప్పటి లెక్క. ధబాలున పడి కింద ఆగితే, ఆగే క్షణంలో వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంతో సమానమైతే, అదే 90 కిలోలు 180 అయి కూర్చుంటుంది. భుజాలు పాడయ్యేది సాధారణంగా ఆ క్షణంలోనే. అందుకే రెండు మూడు సెకన్లు తీసుకుని దిగాలి. దండచెయ్యి నేలకు సమాంతరంగా వచ్చాక మరీ లోతుకు పోనక్కర్లేదు.

గొలుసు పొడవు దగ్గర భౌతికశాస్త్రం ఇంకాస్త గట్టిగా పనిచేస్తుంది. గొలుసు రెండు పాయలూ నిలువుకు 30 డిగ్రీల కోణంలో ఉంటే, 20 కిలోల బిళ్లకు ఒక్కో పాయలో సుమారు 11.5 కిలోల లాగుడు. గొలుసు పొట్టిదై కోణం 60 డిగ్రీలైతే ఒక్కో పాయలోనూ 20 కిలోలు. బిళ్ల అదే, తుంటిని పక్కల నుంచి పిండే బలం మూడు రెట్లు. అలాగని గొలుసు పొడుగు చేస్తే బిళ్ల లోలకం అవుతుంది. 40 సెంటీమీటర్ల గొలుసు ఒక ఊపుకు సుమారు 1.3 సెకన్లు తీసుకుంటుంది, 60 సెంటీమీటర్లకు 1.55. బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. మీ కదలిక ఆ ఊపుకు జత కలిసిందా, ప్రతి డిప్‌తోనూ ఊగడం పెరుగుతుంది. కనుక బిళ్ల తొడల మధ్య, మోకాళ్లకు పైనే ఆగేటట్టు లంకెలు సర్దుకోవాలి. పొడవు మార్చుకోలేని పట్టీ కన్నా గొలుసు మంచిదనేది ఇందుకే.

ఇప్పుడు ఎంపిక సంగతి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి నింపి తెంచేవాడు. ఎంత లావు గొలుసైనా తెగేది తన బలహీనమైన లంకె దగ్గరే. డిప్ బెల్టులోనూ అంతే. అందులో బలహీనమైన చోటు గొలుసు కాదు. పర్వతారోహణ కారబైనర్‌కు ఐరోపా ప్రమాణం ప్రకారం పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2,000 కిలోల బరువును తట్టుకునే శక్తి ఉండాలి. నోరు తెరుచుకుని ఉంటే మాత్రం 7 కిలోన్యూటన్లు చాలంటారు. బండి సీటు బెల్టు పట్టీకి అంతర్జాతీయ నిబంధన 14.7 కిలోన్యూటన్లు అడుగుతుంది. మనం వేలాడదీసే 20, 30 కిలోలు వీటి ముందు లెక్కలోకి రావు. తెగేది రింగును పట్టీకి కలిపే కుట్టు, లేదా రింగు అతుకు. అందుకే కొనేటప్పుడు రంగూ కంపెనీ పేరూ పక్కన పెట్టి, బెల్టును తిరగేసి కుట్టు చూడండి. చతురస్రం, దాని మధ్య అడ్డగీతలు వేసిన దట్టమైన కుట్టు ఉండాలి. రింగు కొసలు వెల్డింగ్‌తో కలిసి ఉండాలి, చీలిక కనిపించకూడదు.

గొలుసును విడిగా ఇనుప సామాన్ల కొట్లో కొనే ఆలోచన తప్పేమీ కాదు, కిలోల లెక్కన దొరుకుతుంది. కానీ ప్రతి లంకె అతుకూ వెల్డ్ చేసినదై ఉండాలి. ఊరికే వంచి మూసిన లంకె బరువు మీద నెమ్మదిగా నోరు తెరుస్తుంది. తాళంచెవులకు తగిలించే రంగురంగుల కొక్కేలు కారబైనర్ ఆకారంలోనే ఉంటాయి, వాటిని దీనికి వాడొద్దు.

తోలా, నైలానా? గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు నా జవాబు నైలానే, లేదా పాలిస్టర్. తోలు బెల్టు తుంటి ఆకారానికి ఒదిగి ఎక్కువ బరువుకు హాయిగా ఉంటుంది, నిజమే. కానీ మన ఉక్కపోతలో చెమటతో తడిసిన తోలు సరిగా ఆరదు, వర్షాకాలంలో బూజు పడుతుంది, గట్టిపడి పగులుతుంది. తోలే కావాలంటే ప్రతిసారీ తుడిచి నీడలో ఆరబెట్టే ఓపిక ఉండాలి. నైలాన్‌ను ఉతికి ఆరేస్తే సరి. ఎండలో మాత్రం వదిలెయ్యకండి, ఎండ ఆ పోగులను తినేస్తుంది. వీపు వైపు వెడల్పు పది సెంటీమీటర్లకు తగ్గకూడదు. పాత సీటు బెల్టుతో కుట్టించుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. దాని బలం చాలు, వెడల్పు చాలదు. 30 కిలోలు కట్టేసరికి కండలోకి దిగుతుంది. బెల్టు కూర్చోవలసింది పొట్ట మీద కాదు, పిరుదుల పైభాగాన, తుంటి ఎముకల మీద.

బిళ్ల రంధ్రం కొలుచుకోవడం చాలామంది మరిచిపోతారు. ఇళ్లలో ఎక్కువగా ఉండే బిళ్లలకు 30 మిల్లీమీటర్ల లోపు రంధ్రం, ఒలింపిక్ బిళ్లలకు 50. చిన్న రంధ్రంలో పెద్ద కారబైనర్ దూరదు, గొలుసు కొస ఒక్కటే దూరాలి. 45 సెంటీమీటర్ల వ్యాసమున్న రబ్బరు బిళ్ల మోకాళ్లను కొడుతుంది. పోత ఇనుము చిన్నగా ఉంటుంది, అదే మేలు.

ఒంటి బరువుతో పన్నెండు పదిహేను డిప్స్ శుభ్రంగా రానివాళ్లకు ఈ బెల్టు అక్కర్లేదు. వచ్చినవాళ్లు రెండున్నర కిలోలతో మొదలుపెట్టి, మళ్లీ రెండున్నరే పెంచండి. భుజం ముందు వైపు నొప్పి వస్తే బరువు విప్పేసి వైద్యుణ్ణి కలవండి. కొత్త బెల్టు ఇంటికి తెచ్చిన రోజు నడుముకు కట్టుకునే ముందు ఒక పని చెయ్యండి. దాన్ని గట్టి దూలానికో కడ్డీకో తగిలించి, మీరు కట్టబోయే బరువుకు రెట్టింపు వేలాడదీసి, పది నిమిషాలాగి కుట్టు పోగులు ఒక్కొక్కటీ చూడండి. ఒక్క పోగు సాగినా ఆ బెల్టు తిరిగి కొట్టుకే ఇచ్చెయ్యండి.