ఫోన్‌లో రచ్చబండ: స్వర వేదికపై తొలిసారి మాట్లాడేవారికి మెలకువలు

జగదల్‌పూర్: అక్షరజ్ఞానం లేనివారు, ఇంటర్నెట్ అందనివారు సైతం సాధారణ మొబైల్ ఫోన్ ద్వారా తమ ఊరి సమస్యను నలుగురి ముందు ఉంచగలిగే స్వర వేదికలు మన దేశంలో పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్నాయి. వాటిలో పేరెన్నికగన్నది ఛత్తీస్‌గఢ్‌లో 2010 ఫిబ్రవరిలో మొదలైన సీజీనెట్ స్వర. బస్తర్ వంటి అటవీ ప్రాంతాల గోండి పలుకులను జిల్లా కార్యాలయాల వరకు చేర్చిన వేదిక ఇది. అయితే మాట్లాడే అవకాశం దొరకడం వేరు, ఆ మాట ఫలించడం వేరు. తొలిసారి ఫోన్ పట్టుకుని మాట్లాడేవారు కొన్ని పద్ధతులు తెలుసుకుంటే వారి మాట వృథా పోదు. ఆ పద్ధతులు ఏమిటో, అవి ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

కొత్త వేదిక, పాత సంప్రదాయం

నలుగురిలో నిలబడి సమస్య చెప్పుకోవడం బస్తర్‌కు కొత్త కాదు. దంతేశ్వరీ అమ్మవారి పేరిట 75 రోజుల పాటు సాగే బస్తర్ దసరాలో మురియా దర్బార్ ఒక ముఖ్య ఘట్టం. ఆదివాసీ పరగణాల పెద్దలైన మాంఝీలు, వారి సహచరులు జగదల్‌పూర్‌లోని సిరహాసార్ భవనంలో సమావేశమై తమ ప్రాంతాల సమస్యలను పాలకుల ముందు వివరిస్తారు. 1876లో మురియాల తిరుగుబాటు తరువాత ఈ దర్బార్ మొదలైంది. ఆనాడు రాజీకి పూనుకున్న ఆంగ్లేయ అధికారి, మన గోదావరి తీరానికి చేరువలోని సిరోంచా నుంచి వచ్చిన డిప్యూటీ కమిషనర్. రాజుల కాలంలో రాజు వినేవాడు, నేడు ప్రజాప్రతినిధులు, అధికారులు వింటున్నారు.

దర్బార్‌లో ఎవరు ఏ పరగణా నుంచి వచ్చారో అందరికీ తెలుసు. ముఖాముఖి సంభాషణ కనుక అర్థం కానిది అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. ఫోన్ వేదికలో ఆ సౌలభ్యం లేదు. వినేవారికి మీ ముఖం కనబడదు, మీ ఊరు తెలియదు. కాబట్టి ఎదురుగా నిలబడితే ఇట్టే తెలిసిపోయే సంగతులన్నీ నోటితో చెప్పవలసి వస్తుంది. కొత్తవారు గ్రహించవలసిన మొదటి తేడా ఇదే.

వేదిక ఎలా పనిచేస్తుంది?

బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2004లో సీజీనెట్ పేరిట ఇంటర్నెట్‌లో ఒక చర్చా బృందాన్ని ఏర్పాటు చేశారు. ఛత్తీస్‌గఢ్ ప్రజల సమస్యలే దాని చర్చనీయాంశాలు. కానీ ఎవరి గురించి చర్చ జరుగుతోందో వారిలో అత్యధికులకు కంప్యూటరు లేదు, చదువూ అంతంత మాత్రం. వారి చేతికి అప్పుడప్పుడే వస్తున్నది మొబైల్ ఫోన్. దాంతో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకుడు బిల్ థీస్ తోడ్పాటుతో, రాత నుంచి మాటకు మారిన రూపమే సీజీనెట్ స్వర. 2014లో లండన్‌కు చెందిన ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ ఈ కృషికి గాను చౌధరికి డిజిటల్ కార్యాచరణ పురస్కారం అందజేసింది.

దాని పనితీరు సరళం. వేదిక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి తిరిగి ఫోన్ వస్తుంది కనుక, మాట్లాడేవారికి ఖర్చు ఉండదు. సందేశం రికార్డు చేయడానికి 1, ఇతరుల సందేశాలు వినడానికి 2 నొక్కమని ఒక గొంతు సూచిస్తుంది. రికార్డయిన ప్రతి సందేశాన్నీ నిర్వాహకులు వింటారు, అవసరమైతే చెప్పినవారికి ఫోన్ చేసి వివరాలు సరిచూసుకుంటారు. ఆ తరువాతే అది ఫోన్‌లోనూ వెబ్‌సైటులోనూ అందరికీ వినబడుతుంది. దూరాన ఉన్న శ్రోతలు అది విని, సంబంధిత అధికారికి ఫోన్ చేసి సమస్య సంగతి అడుగుతారు.

ఇలాంటి ప్రయత్నాలు మరికొన్ని చోట్లా జరిగాయి. గుజరాత్ రైతుల కోసం 'ఆవాజ్ ఓటలో' అనే ఫోన్ వేదిక నడిచింది. అక్కడి భాషలో ఓటలో అంటే ఇంటి అరుగు. జార్ఖండ్‌లో గ్రామవాణి సంస్థ 'మొబైల్ వాణి'ని ప్రారంభించింది. పేర్లు వేరైనా కొత్తవారు పాటించవలసిన పద్ధతులు దాదాపు అన్నిచోట్లా ఒకటే. వేదికల నంబర్లు మారుతూ ఉంటాయి కనుక ఎవరో పంపిన పాత నంబరుకు కాకుండా, ఆ సంస్థ వెబ్‌సైటులో ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి.

ముందు వినండి

సీజీనెట్ స్వరపై 2012లో వెలువడిన ఒక పరిశోధన పత్రం ప్రకారం, తొలి 21 నెలల్లో ఆ వేదికకు 70,000కు పైగా కాల్స్ వచ్చాయి. ఆ కాలంలో వేదికపై విడుదలైన సందేశాలు 1,100. అంటే సగటున అరవైకి పైగా కాల్స్‌కు ఒక సందేశం. రచ్చబండ దగ్గర మాట్లాడేవారు కొందరే, వినేవారు ఎందరో. ఫోన్‌లోనూ అంతే.

కాబట్టి మొదటి రోజు 2 నొక్కి నాలుగైదు సందేశాలు వినడం మంచిది. ఎలాంటి విషయాలు ప్రసారమవుతున్నాయి, ఎంతసేపు మాట్లాడుతున్నారు, ఏ మాట స్పష్టంగా చేరుతోంది, ఏది గజిబిజిగా ఉంది అన్నది వింటేనే తెలుస్తుంది. మీ సమస్యనే పొరుగు ఊరివారు ముందే చెప్పి ఉండవచ్చు. అప్పుడు దానినే మళ్లీ మొదటి నుంచి చెప్పడం కన్నా, 'ఫలానా ఊరివారు చెప్పిన ఇబ్బంది మా ఊళ్లోనూ ఉంది' అని జోడిస్తే రెండు మాటలకూ బలం వస్తుంది.

చిరునామా లేని ఫిర్యాదు ఎవరికీ చేరదు

కొత్తవారి సందేశాల్లో ఎక్కువగా లోపించేది చిరునామా. "మాది బస్తర్" అంటే సరిపోతుందని అనుకుంటాం. కానీ బస్తర్ అన్నది 7 జిల్లాల డివిజన్ పేరు: బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, బీజాపూర్, దంతెవాడ, సుక్మా. అందులో ఒక జిల్లా పేరూ బస్తరే. ఆ జిల్లాలోని ఒక బ్లాకు పేరూ బస్తరే. రాయపూర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని వింటున్న మనిషి ఎవరికి ఫోన్ చేయాలి?

పైగా ఇక్కడి గ్రామాలు ఒక్కచోట గుమిగూడి ఉండవు. మన ఏజెన్సీలో గూడేలు ఉన్నట్టే ఇక్కడ ఒక్కో ఊరు దూరదూరంగా విస్తరించిన అనేక 'పారా'లుగా ఉంటుంది. ఒక పారాలో చేతిపంపు పనిచేస్తూ, మైలు దూరంలోని మరో పారాలో పాడై ఉండవచ్చు. ఊరి పేరు మాత్రమే చెబితే, అధికారి ఊరికి వచ్చి పనిచేస్తున్న పంపును చూసి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే పారా, గ్రామం, పంచాయతీ, బ్లాకు, జిల్లా, రాష్ట్రం అన్న వరుసలో చెప్పాలి.

సందేశంలో ఉండవలసిన అంశాలు ఆరు. మీ పేరు, పూర్తి చిరునామా, సమస్య ఏమిటి, ఎప్పటి నుంచి ఉంది, ఇప్పటి వరకు ఎవరికి చెప్పారు, దాన్ని పరిష్కరించవలసిన అధికారి ఎవరు. ఆ అధికారి కార్యాలయ ఫోన్ నంబరు తెలిస్తే అదీ చెప్పాలి. ఉదాహరణకు ఒక సందేశం ఇలా ఉండవచ్చు:

"నా పేరు ఫలానా. మాది ఫలానా పారా, ఫలానా గ్రామం, దర్భా బ్లాకు, బస్తర్ జిల్లా, ఛత్తీస్‌గఢ్. మా పారాలో ఒక్కటే చేతిపంపు. అది రెండు నెలలుగా పనిచేయడం లేదు. ముప్పై ఇళ్లవాళ్లం వాగు నీళ్లు తాగుతున్నాం. సర్పంచికి రెండుసార్లు చెప్పాం. ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగానికి కాగితం రాసి ఇచ్చాం. విన్నవారు దయచేసి ఆ విభాగం ఇంజినీరుకు ఫోన్ చేసి అడగగలరు."

ఇది చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. విన్నవారు ఏం చేయాలో మాత్రం స్పష్టంగా ఉంది. మాట్లాడే ముందు ఈ ఆరు అంశాలను వేళ్లపై లెక్కపెట్టుకుంటూ ఒకసారి పైకి చెప్పి చూసుకుంటే తడబాటు పోతుంది.

ఒక సందేశం, ఒక సమస్య

నీళ్లు, రేషను, బడి, దారి అన్నీ ఒకే సందేశంలో చెప్పాలన్న ఆరాటం సహజం. కానీ వాటిని చూసే విభాగాలు వేరు, అధికారులు వేరు. నాలుగూ కలిపి చెబితే ఏ ఒక్కరూ తమదిగా భావించరు. నాలుగు సందేశాలుగా విడదీస్తే ప్రతిదానికీ జవాబుదారీ ఉంటారు.

శబ్దం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంత మధ్యలోనో, కదిలే బస్సులోనో రికార్డు చేస్తే ఊరి పేరే వినబడకపోవచ్చు. గాలి తగలని చోట, ఫోన్‌ను నోటికి కాస్త ఎడంగా పట్టుకుని, పేర్లను నిదానంగా పలకాలి. ముఖ్యమైన పేరును రెండుసార్లు చెప్పడం మంచిది.

చూసింది వేరు, విన్నది వేరు

స్వయంగా చూసిన సంగతిని 'నేను చూశాను' అని, ఇతరులు చెప్పిన దానిని 'నాతో చెప్పారు' అని విడిగా చెప్పాలి. 'రేషను దుకాణంలో ఈ నెల నాకు బియ్యం ఇవ్వలేదు' అన్నది అనుభవం. 'డీలరు బియ్యం అమ్ముకున్నాడు' అన్నది ఆరోపణ. మొదటిదానికి మీరే సాక్షి, రెండవదానికి రుజువు కావాలి. రుజువు లేకుండా ఒకరి పేరెత్తి నింద వేస్తే నిర్వాహకులు ఆ సందేశాన్ని ఆపివేయవచ్చు. అప్పుడు మీకు బియ్యం రాలేదన్న నిజం కూడా దానితో పాటే ఆగిపోతుంది. తిట్టు ఒక్కటి దొర్లినా అవతలివారు సమస్యను వదిలి తిట్టునే పట్టుకుంటారు.

ఏది చెప్పకూడదు?

ఒకసారి ప్రసారమైన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఓటీపీ వంటివి వేదికపై ఎన్నడూ చెప్పకూడదు. నిర్వాహకుల పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, గుర్తు తెలిపే వివరాలు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఈ రక్షణ కల్పిస్తున్నాయి. అలాంటి విషయాలను వేదికపై కాక పోలీసులకు గానీ, పిల్లల సహాయ నంబరు 1098కి గానీ తెలపాలి.

దశాబ్దాల పాటు మావోయిస్టు హింసను చవిచూసిన బస్తర్‌లో మరో జాగ్రత్త కూడా అవసరం. భద్రతా దళాల కదలికలు, సాయుధుల సంచారం వంటివి చెప్పడం మాట్లాడినవారికీ, వారి ఊరికీ ముప్పు తేవచ్చు. వేరొకరి కష్టం చెప్పదలిస్తే ముందుగా వారి అనుమతి తీసుకోవాలి. పేరు బయటపెట్టడం మీకే ప్రమాదమని తోస్తే రికార్డు చేయకముందే నిర్వాహకులతో మాట్లాడాలి.

మీ భాషలోనే మాట్లాడండి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షల మంది. అయినా అది రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో లేదు. బస్తర్‌లో వేర్వేరు తెగల మధ్య వ్యవహార భాషగా హల్బీ ఉంది. దక్షిణాన కొంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు వినబడుతుంది. ఆకాశవాణి జగదల్‌పూర్ కేంద్రం హల్బీ, గోండి భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేస్తోంది. రేడియోలో తమ భాష విన్నవారికి, అదే భాషలో తిరిగి మాట్లాడే వీలు స్వర వేదిక కల్పించింది.

రాని హిందీలో తడబడుతూ చెప్పడం కన్నా వచ్చిన భాషలో తేటగా చెప్పడమే మేలు. అనువాదం నిర్వాహకులు చూసుకుంటారు. అయితే పేరు, చిరునామా, విభాగం పేరు మాత్రం చివరలో హిందీలో ఒకసారి చెబితే పని త్వరగా సాగుతుంది. సిగ్నలు అందని ఊళ్ల కోసం 'బుల్టూ రేడియో' అనే ఏర్పాటూ జరిగింది. బ్లూటూత్ అన్న మాటకు ఇక్కడి పలుకుబడి అది. సిగ్నలు ఉన్నచోట సందేశాలను ఒక ఫోన్‌లోకి దించుకుని, ఊళ్లో బ్లూటూత్ ద్వారా మిగతావారి ఫోన్లకు పంచుతారు.

పని జరిగితే ఆ సంగతీ చెప్పండి

చేతిపంపు బాగుపడ్డాక చాలామంది మళ్లీ ఫోన్ చేయరు. నిజానికి వేదికకు ప్రాణం ఆ రెండవ ఫోనే. ఎవరు స్పందించారు, ఎన్నాళ్లకు పని జరిగింది అన్నది చెబితే, పనిచేసిన అధికారికి గుర్తింపు దక్కుతుంది. ఫోన్ చేసి అడిగిన అపరిచితులకు తమ శ్రమ ఫలించిందని తెలుస్తుంది. ఇంకా నోరు విప్పని పదిమందికి ధైర్యం కలుగుతుంది. పని జరగకపోతే ఆ సంగతిని తేదీతో సహా మళ్లీ నమోదు చేయాలి.

వేదికపై చెప్పాం కదా అని రాతపూర్వక ఫిర్యాదును మానకూడదు. గ్రామసభలో తీర్మానం, కార్యాలయంలో ఇచ్చిన కాగితానికి రసీదు దగ్గర ఉంచుకోవాలి. ఫోన్‌లో వినబడిన గొంతు అధికారి దృష్టిని ఆకర్షిస్తుంది. ఆ తరువాత ఆయన అడిగేది కాగితమే. రెండూ సిద్ధంగా ఉన్న ఊరికి పని త్వరగా జరిగే అవకాశం ఎక్కువ.