రిపోర్టు నార్మల్, మరి ఆ దిగులు?

“మాస్టర్ సాబ్, మిషన్‌లో ఏమీ లేదన్నారు. మరి పిల్ల ఎందుకిలా అయిపోయింది?”

ఒక తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇది. డిగ్రీ చదివే ఆమె కూతురు మూడు నెలలుగా సరిగా తినడం లేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఇంట్లో మొదట సాయా అన్నారు, తావీజు కట్టారు. తర్వాత ఎవరో చెప్పగా తలకు తీగలు అతికించి ఈఈజీ తీయించారు. నార్మల్ అని వచ్చింది. ఆనాటి నుంచి ఆ పిల్లను అందరూ అనే మాట ఒక్కటే: నఖ్రాలు!

ఆ పరీక్ష సంగతి తెలిస్తే ఈ మాట అనబుద్ధి కాదు. జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో తొలిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశారు. అవి నిజంగా మెదడువేనా, గుండెవో చర్మానివో కావు కదా అని మళ్లీ మళ్లీ పరీక్షించుకుని 1929లో గాని ప్రకటించలేదు. సొంత కొడుకు తల మీద కూడా ప్రయోగం చేశారు. అయినా లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్ అదే ప్రయోగం చేసి చూపాక నమ్మింది.

తల చర్మం దాకా చేరే ఈ విద్యుత్తు వోల్టులో పది లక్షల వంతుల లెక్కన కొలిచేంత స్వల్పం. కళ్లు మూసుకుని నెమ్మదిగా ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే అలను ఆల్ఫా అంటారు. గాఢనిద్రలో అలలు 4 కంటే తక్కువకు మందగిస్తాయి. మూర్ఛ, అంటే మన ఇళ్లలో మిర్గీ అనే జబ్బు ఉంటే, గీతల్లో మొనదేలిన అలలు కనిపించవచ్చు. డాక్టర్లు ఈ పరీక్ష ఎక్కువగా రాసేది అందుకే. ఆ అమ్మాయి రిపోర్టు నార్మల్ అంటే అలాంటివి ఆ పూట కనబడలేదని మాత్రమే అర్థం. దిగులు జబ్బు లేదని కాదు.

అలాగని దిగులు మెదడులో ఏ జాడా వదలదని కాదు. రెండు భాగాల అలలు ఒకే తీరున లేచి పడుతుంటే అవి పరస్పరం మాట్లాడుకుంటున్నాయని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఆండ్రూ ల్యూక్టర్ బృందం 2012లో 121 మంది డిప్రెషన్ రోగుల ఈఈజీలను పరిశీలించింది. ఆరోగ్యవంతులతో పోలిస్తే వారి మెదడు భాగాల మధ్య బంధం ఎక్కువగా బిగుసుకుని కనిపించింది. మెదడు పని చేయాలంటే భాగాలు కలవడమే కాదు, సమయానికి విడిపోవడం కూడా కావాలి. తలలో ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుందని రోగులు చెప్పుకునే బాధ మాకు ఇక్కడ గుర్తుకొస్తుంది.

అయితే తొందరపడరాదు. మనం ఊరికే కూర్చుని మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పని చేసే ఒక జాలం మెదడులో ఉంది. మార్కస్ రైకిల్ 2001లో దానికి దారి చూపారు. డిప్రెషన్‌లో ఈ జాలంలోని బంధం పెరుగుతుందని ముందు కొన్ని పరిశోధనలు చెప్పాయి. 2019లో చైనాలో 25 బృందాలు కలిసి 1300 మంది రోగుల మెదడు స్కానులు చూస్తే, జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవారిలో అది తగ్గినట్టు తేలింది. పైగా ఆ తగ్గుదల మందుల వాడకంతో ముడిపడి ఉంది! నుదుటి వెనుక కుడి ఎడమల ఆల్ఫా తేడాను బట్టి రోగిని గుర్తించవచ్చనే ఆశ కూడా ఎంతోకాలం సాగింది. 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే అది రోగనిర్ధారణకు పనికిరాదని తేలింది. వందల మంది సగటులో కనబడే తేడా ఒక్క మనిషి కాగితంలో దొరకదు. తల మీద తీగలు పెట్టి డిప్రెషన్ ఉందో లేదో తేల్చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, ఇవ్వకండి.

9వ శతాబ్దంలో బల్ఖ్ ప్రాంతంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ హుజ్న్, అంటే దుఃఖం, రెండు రకాలని రాశారు. ఒకదానికి కారణం తెలుసు: ఆప్తుల మరణం, ఆస్తి నష్టం. రెండోదానికి కారణం కనబడదు. అది శరీరంలోంచి పుడుతుంది గనుక శరీరానికీ వైద్యం కావాలన్నారు. రక్తదోషమన్న ఆయన వివరణ నేడు నిలవదు. కాని ఆయన ఎవరినీ నఖ్రాలు అనలేదు.

బెర్గర్ సంగతి కూడా చెప్పాలి. మెదడు అలలను లోకానికి చూపిన ఆ మనిషే తీవ్రమైన కుంగుబాటుకు లోనై 1941లో తన ప్రాణం తానే తీసుకున్నారు. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదంటే గీతల కోసం, స్కానుల కోసం ఆగరాదు. వారిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చూపాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ తల్లిని మేము మానసిక వైద్యుని దగ్గరికి పంపాము. ఆమె రిపోర్టు తీసి బల్ల మీద పెట్టిందట. ఆయన దాన్ని పక్కన పెట్టి, “నిద్ర ఎప్పటినుంచి పట్టడం లేదమ్మా?” అని పిల్లను అడిగారట. ఆ అమ్మాయి అరగంట సేపు మాట్లాడింది.