పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ కొనాలా? పోలోని రీమ్యాప్ చేయించాలా?

రిఫర్బిష్డ్ ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనాలా, మిడ్‌రేంజ్ తీసుకుని రూట్ చేసి కస్టమ్ రామ్ వేసుకోవాలా? ఈ గొడవ మన రీడర్లకి కొత్తేం కాదు. కార్లలోనూ అచ్చం ఇదే గొడవ ఉంది. తేడా ఒక్కటే. ఫోన్ బ్రిక్ అయితే పోయేది డబ్బులే, ఓఆర్‌ఆర్ మీద బ్రేక్ చాలకపోతే పోయేది ప్రాణం.

పోలిక న్యాయంగా ఉండాలని ఒకే గ్రూప్‌కి చెందిన రెండు పెట్రోల్ టర్బో కార్లు తీసుకున్నాం. రెండూ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి.

స్పెక్స్ చూద్దాం

• స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 (2017): 2.0 లీటర్ టీఎస్‌ఐ, 230 పీఎస్, 350 ఎన్‌ఎం, 6 స్పీడ్ డీఎస్‌జీ. 0-100కి 6.8 సెకన్లు అని కంపెనీ లెక్క.
• ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ (2020-22): 110 పీఎస్, 175 ఎన్‌ఎం, 6 స్పీడ్ మాన్యువల్.

ఆర్‌ఎస్ 230 మొదటి విడతలో మన దేశానికి వచ్చింది 500 కార్లే. అప్పటి ఎక్స్ షోరూమ్ ధర 25 లక్షల లోపే. సంఖ్య తక్కువ, ఫ్యాన్స్ ఎక్కువ కాబట్టి, ఇన్నేళ్లైనా దీని రేటు మామూలు సెడాన్లలా పడిపోలేదు.

రీమ్యాప్ అంటే ఏం చేస్తారు?

ఇంజిన్‌కి మెదడు ఈసీయూ. టర్బో ఎంత ప్రెషర్ ఇవ్వాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, ఎంత పెట్రోల్ చల్లాలి అన్నవి అందులో టేబుళ్ల రూపంలో ఉంటాయి. ట్యూనర్ స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ పోర్ట్‌కి ల్యాప్‌టాప్ తగిలించి ఆ టేబుళ్లు మార్చి ఫ్లాష్ చేస్తాడు. స్టేజ్ 1లో హార్డ్‌వేర్ ఏమీ మారదు. ఈ ఇంజిన్‌కి స్టేజ్ 1 తర్వాత 140 పీఎస్ దగ్గర, 200 ఎన్‌ఎం పైన వస్తుందని ట్యూనర్లు చెబుతారు.

మరి కంపెనీయే అంత పవర్ ఎందుకు ఇవ్వలేదు? నాసిరకం పెట్రోల్ పోసినా, రామగుండం ఎండలో ఫుల్ లోడ్‌తో నడిపినా, సర్వీస్ ఆలస్యమైనా ఇంజిన్ బతకాలి. అందుకే కొంత మార్జిన్ వదిలేస్తారు. రీమ్యాప్‌లో మనం వాడుకునేది ఆ మార్జిన్‌నే. కాబట్టి ఆ తర్వాత 95 ఆక్టేన్ పెట్రోల్, టైమ్‌కి ఆయిల్ మార్చడం తప్పనిసరి ఖర్చులు అవుతాయి. పెరిగిన టార్క్ దెబ్బ ముందు తగిలేది క్లచ్‌కి.

ఇంకో మాట. "సర్వీస్‌కి ఇచ్చే ముందు స్టాక్ ఫైల్ వేసేస్తాం, ఎవరికీ తెలీదు" అనే డైలాగ్ నమ్మొద్దు. ట్యూన్ చేసినట్టు గుర్తిస్తే ఈ గ్రూప్ సిస్టమ్‌లో కారు మీద టీడీ1 అనే కోడ్ పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

పవర్ ఒక్కటే చూస్తే మోసపోతాం

పోలో బరువు 1,100 కిలోల దగ్గర, ఆర్‌ఎస్ 1,400 పైన. రీమ్యాప్ తర్వాత పోలోకి టన్నుకు 125-130 పీఎస్ వస్తే, ఆర్‌ఎస్‌కి 160 దాకా వస్తుంది. కాగితం మీద మరీ పెద్ద తేడా ఏం కాదు.

కానీ ఆ పవర్‌ని ఆపే సరంజామా చూడండి. పోలోకి వెనక డ్రమ్ బ్రేకులు, టార్షన్ బీమ్ సస్పెన్షన్. ఆర్‌ఎస్‌కి నాలుగు చక్రాలకీ డిస్కులు, వెనక మల్టీలింక్, 225 సెక్షన్ టైర్లు. 230 పీఎస్‌కి తగ్గట్టు కూలింగ్ నుంచి బ్రేకుల దాకా అన్నీ ఇంజినీర్లు ముందే లెక్క కట్టి బిగించారు. పోలోలో మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే, బ్రేకులు మాత్రం 110 పీఎస్ కారువే. వాటిని, టైర్లని, సస్పెన్షన్‌ని మార్చుకుంటూ పోతే "చవక ఆప్షన్" చవకగా మిగలదు. పైగా అమ్మేటప్పుడు ఆ ఖర్చులో పెద్దగా ఏదీ తిరిగి రాదు.

ఆర్‌ఎస్ వైపు ఉన్న గొయ్యి

సెకండ్ హ్యాండ్ రేటు తగ్గుతుంది, స్పేర్ పార్ట్ రేటు తగ్గదు. సగం ధరకి కొన్నా సరే, టర్బో, మెకట్రానిక్స్, సస్పెన్షన్ పోతే బిల్లు అసలు కారు ధరకి తగ్గట్టే వస్తుంది. డీఎస్‌జీ ఆయిల్ 60,000 కిలోమీటర్లకి మార్చాలి. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

కొనే ముందు ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పట్టుకెళ్లండి. ఎర్రర్ కోడ్లు లేవని సంబరపడొద్దు. "కోడ్లు క్లియర్ చేశాక తిరిగిన దూరం" అనే రీడింగ్ చూడండి. 80,000 తిరిగిన కారులో అది 12 కిలోమీటర్లు అని చూపిస్తే, పొద్దున్నే ఎవరో కోడ్లు తుడిచేశారని అర్థం. బ్యాటరీ తీసినా కొన్ని కార్లలో ఇది రీసెట్ అవుతుంది, కాబట్టి కారణం అడగండి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ రెండూ బడ్జెట్‌లో కలపండి.

చట్టం సంగతి

ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెక్స్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదంటే రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ట్యూన్ చేస్తే, ప్రమాదం తర్వాత క్లెయిమ్ ఆపడానికి వాళ్ల చేతికి మనమే కారణం ఇచ్చినట్టు.

ఫైనల్ వెర్డిక్ట్

రెండిట్లో ఒకటే అంటే మా ఓటు ఆర్‌ఎస్‌కే. కానీ ఒక షరతు. కారు కొన్నాక కూడా, దాని ధరలో కనీసం 15 శాతం మీ అకౌంట్‌లో రిపేర్ల కోసం మిగలాలి. లోన్ పూర్తిగా లాగి, క్రెడిట్ కార్డు కూడా గీకితేనే ఆర్‌ఎస్ వస్తుందంటే, అది మీ బడ్జెట్ కారు కాదు.

అప్పుడు పోలోనే తీసుకోండి. మొదటి ఖర్చు మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ మీద పెట్టండి. ఏడాది స్టాక్‌గా నడపండి. 110 పీఎస్ మొత్తం వాడే సందర్భాలు మన రోడ్ల మీద ఎన్ని వచ్చాయో లెక్క పెట్టుకోండి. రీమ్యాప్ ఎక్కడికీ పోదు, గంటల పని. ఆ లెక్క చూశాక దాని అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది.