కుడి నించా, ఎడమ నించా?

మస్కట్‌లో మేముండే అల్ మవాలేలో ఏ దుకాణం బోర్డు చూసినా రెండు దిక్కుల చదువు కనిపిస్తుంది. అరబిక్ కుడి నించి ఎడమకి, ఇంగ్లీషు ఎడమ నించి కుడికి. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తూ కూడా నేను పట్టించుకోని ఈ సంగతి, మా అమ్మాయి గీసిన బొమ్మల కథ పుణ్యమా అని తలకెక్కింది.

అప్పటికి దానికి పన్నెండేళ్ళు. జపాన్ వాళ్ళ బొమ్మల కథలు, అంటే మాంగా, అంటే ప్రాణం. ఓ రోజు నలభై పేజీల నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ అట్ట తిప్పాను. "నాన్నా, నువ్వు చివర్నించి చూస్తున్నావు!" అంది. సరేనని అటునించి మొదలుపెట్టాను. బొమ్మలేమో కుడి నించి నడుస్తున్నాయి, వాటిలో ఇంగ్లీషు మాటలేమో ఎడమ నించి. నాలుగు పేజీలకే కళ్ళు తిరిగాయి. ఆ చిరాకులో, "చదువు మానేసి ఈ పిచ్చిగీతలేమిటే?" అనేశాను. అది రెండు నెలలు పెన్సిల్ ముట్టుకోలేదు.

చందమామ కోసం నెలంతా ఎదురుచూసి, వపా ముఖచిత్రాలూ, శంకర్ గీసిన విక్రమార్కుడూ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నా నోట రావలసిన మాటేనా అది! తప్పు దిద్దుకుందామని దానితో పాటు నేనూ నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి చిత్రకారులుంటే పనికొస్తుందని, మేమిద్దరం తెలుసుకున్న నాలుగు ముక్కలూ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, దిక్కు. జపనీస్ నిలువుగా, పై నించి కిందికి రాస్తారు. ఆ నిలువు వరసలు కుడి నించి ఎడమకి సాగుతాయి, అంచేత బొమ్మల గళ్ళు కూడా అలాగే సాగుతాయి. 1980లలో అమెరికాలో మాంగా ఇంగ్లీషులో వేసేటప్పుడు చాలా పుస్తకాల్లో పేజీలని అద్దంలో చూపినట్టు తిప్పేసేవారు. దాంతో కత్తి కుడిచేత పట్టిన సమురాయ్ ఎడమచేతివాటం వాడైపోయాడు. కిమోనో మడత కూడా తిరగబడింది. జపాన్‌లో అలా కట్టేది శవానికి! 2002 ప్రాంతంలో టోక్యోపాప్ అనే ప్రచురణ సంస్థ తిప్పకుండానే వేయడం మొదలుపెట్టాక, ఇంగ్లీషు పాఠకులు కుడి నించి చదవడానికి అలవాటు పడ్డారు. అరబ్బులకి ఈ బాధ లేదు. వాళ్ళ చదువే అటునించి గనక. 2021లో సౌదీలో మొదలైన మాంగా అరేబియా పత్రికకి పేజీలు తిప్పే అవసరమే రాదు.

ఇందులో మనకి నీతి ఏమిటంటే, ఆ దిక్కు జపనీస్ భాష కోసం పుట్టింది. మీ అమ్మాయో అబ్బాయో మొదటి నించీ ఇంగ్లీషులోనే రాస్తుంటే గళ్ళు కూడా ఎడమ నించే నడపాలి. ఒక గడిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే, ముందు మాట్లాడేవాణ్ణి ఎడమవైపు నిలబెట్టాలి. లేకపోతే జవాబు ముందూ, ప్రశ్న వెనకా వస్తాయి. ఆశ్చర్యం కలిగించే బొమ్మని పేజీ తిప్పగానే కనబడేలా ఎడమ పేజీ మొదట్లో పెట్టాలి. దానికి ముందుండే కుడి పేజీ ఆఖరి గడిలో "ఏమైంది?" అనిపించాలి.

రెండోది, మాటల బుడగలు. నిలువు రాత కాబట్టి జపాన్ బుడగలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. మా అమ్మాయి అవే గీసి, వాటిలో ఇంగ్లీషుని ఇరికించింది. ఒక్కో మాటా మూడు ముక్కలైంది. ముందు మాటలు రాసి, తరవాత వాటి చుట్టూ బుడగ గియ్యాలి. బుడగలో ఇరవై మాటలు మించితే అది సంభాషణ కాదు, ఉపన్యాసం.

మూడోది, చప్పుళ్ళు. జపనీస్‌లో చప్పుడు లేని వాటికి కూడా శబ్దాలున్నాయి. మెరుపుకి "కిరకిర", నిశ్శబ్దానికి "షీన్". ఇది వినగానే నాకు మన తెలుగే గుర్తొచ్చింది. మిలమిల, తళతళ, గజగజ, రెపరెప! ఇంగ్లీషులో ఈ సంపద తక్కువ. మీ పిల్లల్ని "దడదడ" అని ఇంగ్లీషు అక్షరాల్లో వెయ్యమనండి. పక్కన బొమ్మ ఉంది కదా, ఎవరికైనా అర్థమవుతుంది.

వరసల సంగతీ అంతే. ఇంగ్లీషు మాంగా పాఠకులు "సాన్", "సెన్సే" అనే మాటలని హాయిగా చదువుకుంటున్నారు. వాళ్ళకి "అక్కా", "తాతయ్యా" అన్న పిలుపులు బరువా? కింద గీత గీసి అర్థం చెప్పక్కర్లేదు.

నాలుగోదే అసలైనది. మాంగా అంటే పెద్ద కళ్ళూ, ముళ్ళలాంటి జుట్టూ కాదు. తెజుకా ఒసాము 1947 నించీ సినిమాలో కెమెరాలాగా కథ నడిపి దానికో కొత్త ఊపు తెచ్చాడు. ఆయనే మన బుద్ధుడి కథని 1972 నించి 1983 దాకా గీశాడు. ఆయన మన కథ తీసుకుని తన పద్ధతిలో చెప్పాడు. మా అమ్మాయి పద్ధతీ వాళ్ళదే, కథా వాళ్ళదే! దాని నలభై పేజీల్లోనూ టోక్యో బడి, చెర్రీపూలు. "నువ్వు చెర్రీచెట్టు ఎప్పుడు చూశావే?" అనడిగాను. కోపంగా కాదు, ఈసారి నిజంగానే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "మరి నేను చూసినవాటిలో కథేముంది?" అంది.

ఇక్కడ పెరిగే మన పిల్లల చిక్కే అది. పుట్టిన ఊరు సొంతం కాదు, సొంత ఊళ్ళో సెలవులకి తప్ప ఉండరు. పన్నెండో తరగతి అవగానే చాలామంది కాలేజీకి ఇండియా వెళ్ళిపోతారు. తమది అనుకునే చోటు ఏదో వాళ్ళకే తెలీదు.

2024 జూన్ ఆఖర్లో అల్ మవాలే కూరగాయల మార్కెట్ బర్కాలోని ఖజాయిన్‌కి తరలిపోయింది. శుక్రవారం పొద్దున్నే నా వేలు పట్టుకుని అది తిరిగిన మార్కెట్ అది. గోంగూర కనపడితే నేను పరుగెత్తడం, బేరం ఆడుతుంటే అది సిగ్గుతో మొహం తిప్పుకోవడం, అన్నీ అక్కడే. ఆ వారమే మళ్ళీ పెన్సిల్ పట్టింది. ఎనిమిది పేజీలు. మొదలుపెట్టేవాళ్ళకి అంతకు మించి వద్దు. ముందు చిత్తుగా పుల్లమనుషుల్తో అన్ని పేజీలూ గీసుకుంది. జపాన్ వాళ్ళు ఈ చిత్తుని "నేమ్" అంటారు. ఆరో పేజీ బాగాలేదని మూడుసార్లు మార్చింది. చిత్తు కాబట్టి ఏడుపు రాలేదు. తరవాత నల్లపెన్నుతో దిద్ది, స్కాన్ చేసి, క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో మాటలు అతికించింది. అది ఉచితమే.

చివరగా ఓ పరీక్ష. మరుసటి వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు ఆ ఎనిమిది పేజీలూ మా అమ్మ చేతిలో పెట్టాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు రానివాళ్ళు ఎక్కడ తడబడతారో అక్కడ బొమ్మలో లోపం ఉన్నట్టు. ఎవరికైనా ఇలా చూపించి చూడండి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఎడమ నించి నడుచుకుంటూ పోయింది. గోంగూర దగ్గర నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఎనిమిదో పేజీ దగ్గర ఆగింది. అందులో మాటల్లేవు. ఒకటే గడి, ఖాళీ బల్లలు.

"ఇక్కడెవరూ లేరేమే?" అంది.

తడబాటు కాదది. సరిగ్గా చదివింది.

"వెళ్ళిపోయారు నాన్నమ్మా," అంది మా అమ్మాయి.