పైరు ఎర్రగా కనిపించే ఫొటోలు

ఉపగ్రహం అనగానే మనకు టీవీ చానళ్లూ, తుపాను హెచ్చరికలూ గుర్తొస్తాయి. ఊరు పెరిగి పొలాన్ని మింగేయడాన్ని కూడా అవి ఏళ్ల తరబడి ఫొటోలు తీసి దాచాయంటే ఆశ్చర్యమే కదూ! ఆ ఫొటోలు చదవడమే నా ఉద్యోగం.

అమెరికావారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచీ ఈ పని చేస్తున్నాయి. మన ఐఆర్‌ఎస్-1ఎ 1988లో వెళ్లింది. వీటి చిత్రాల్లో పచ్చని పైరు ఎర్రగా ఉంటుంది! కంటికి కనిపించని పరారుణ కాంతిని ఆకు బాగా వెనక్కి పంపుతుంది. ఆ కాంతికి మేం ఎరుపు రంగు ఇస్తాం. కాంక్రీటేమో నీలిబూడిద రంగులో ఉంటుంది.

1980ల చివరి చిత్రంలో హైదరాబాదుకి పడమర చూస్తే బండరాళ్ల గుట్టలు, చెరువులు, వాటి కింద ఎర్రని మడులు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. ఇప్పటి చిత్రంలో గచ్చిబౌలి, నార్సింగి, కోకాపేటల వైపు ఆ ఎరుపు చాలామటుకు పోయింది. (నగరం చుట్టూ అనాబ్‌షాహీ ద్రాక్షతోటలు ఎలా ఉండేవో మీ అత్తగార్నడగండి, చెబుతారు.)

ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క ముప్పై మీటర్ల చదరం, అంటే దాదాపు తొమ్మిది గుంటలు. పెరటివైపు పది గుంటల్లో ఆకుకూరలు వేసుకునే ఇల్లాలి కష్టమంతా ఒక్క చుక్క! 2015లో యూరప్‌వారు పంపిన సెంటినెల్-2లో చుక్క పది మీటర్లే. సుమారుగా ఒక గుంట. కాబట్టి ఆమె మడి ఇప్పుడు పది చుక్కలు.

చిక్కేమిటంటే, ఎండిన బీడూ, ప్లాట్లు కొట్టి రాళ్లు పాతిన వెంచరూ పైనుంచి ఒకేలా ఉంటాయి. అందుకే వానకాలం, యాసంగి, ఎండాకాలం చిత్రాలు మూడూ పక్కపక్కన పెడతాం. వరసగా కొన్నేళ్లు ఏ కాలంలోనూ ఎరుపు రాకపోతే అనుమానించాల్సిందే. ఆపైన వెళ్లి చూడాలి.

అలా ఓ చెరువు కింది నేల చూడబోతే పక్కనే ఉన్న పెద్దావిడ నా కాగితం కేసి చూసి, "గిది పడావు గాదు బిడ్డా, రాళ్లు పాతి మూడేండ్లాయె. ముప్పై మందిమి నాట్లేసేటోళ్లం గీడ. గిప్పుడు అపార్ట్‌మెంట్లల్ల బోళ్లు తోముతున్న" అంది. చివరి పంట ఏ ఏడు కోశారో కూడా చెప్పింది. చిత్రాలు తీసి చూస్తే అక్షరాలా నిజం. ఆ ఏడు దాకా ఎరుపు, ఆ మరుసటి వానకాలం నుంచి లేదు.

నన్నడిగితే పొలం పోయేది ఇల్లు లేచిన రోజున కాదు, రాయి పాతిన రోజునే. పట్టాదారుకి డబ్బయినా ముడుతుంది. కూలికొచ్చే ఆడవాళ్ల పేర్లు పట్టా పాసుపుస్తకంలోనూ ఉండవు, మా చుక్కల్లోనూ ఉండవు. వాళ్ల లెక్క కావాలంటే ఊళ్లోకి వెళ్లి అడగడమొకటే దారి.

మీ పుట్టింటి ఊరి పాత చిత్రాలు మీరూ చూడొచ్చు. గూగుల్ ఎర్త్‌లో ఏళ్లు వెనక్కి జరుపుకునే వీలుంది. మన రిమోట్ సెన్సింగ్ కేంద్రంవారి 'భువన్' కూడా 2009 నుంచీ ఉంది. అయితే వీటిల్లో మామూలు రంగులే ఎక్కువ, ఎరుపు కోసం వెతక్కండి. రెండు సంవత్సరాలు పోల్చేటప్పుడు ఒకే నెల ఎంచుకోండి. వానల్లో మబ్బులడ్డు, కనుక దసరా తర్వాతవి మేలు. ఒకటి కార్తీకంలోదీ ఇంకోటి మే నెలదీ పక్కన పెడితే ఊరంతా ఎండిపోయిందని హడలిపోతారు!